కబురు ఆగిన నాటి నుంచి

కంభం,
2010 జూన్ 6.

అల్లుడు మౌలాలికి, మీ మామ కాశింసాహెబ్ సలాములూ దీవెనలూ.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మీ అమ్మ దాన్ని తెచ్చి నా చెవికి ఆనించి "మాట్లాడు అన్నా" అంటుంది. నాకు గురగుర తప్ప ఒక్క ముక్క వినపడదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి, చెవులు పిల్లల గోలకి అప్పగించి వచ్చినవాణ్ణి. ఇక ఉత్తరాలే రాసుకుందాం. మీ అమ్మకి నేను చదివి వినిపిస్తాను.

ముందు మీ అన్న ఇమామ్ హుస్సేన్ సంగతి రాయి. ఫిబ్రవరి నుంచి ఫోన్ లేదు. షార్జాలో కంపెనీ మూతపడిందనీ, పాస్‌పోర్టు పని ఇచ్చిన కఫీల్ దగ్గరే ఉండిపోయిందనీ, క్యాంపు వదిలి కాగితాలు లేకుండా బయట పని చేసుకుంటున్నాడనీ నువ్వు చెప్పిందే ఆఖరు. నా కూతుర్ని మేనల్లుడికే ఇచ్చుకున్నాను, కళ్ళ ముందే ఉంటారనుకుని. జైనాబీ ఏమీ అడగదు. మీ అమ్మే అడుగుతుంది. మీ ఊళ్ళో ఒంటరిగా ఉండలేక నెల కిందట ఇక్కడికే వచ్చేసింది. పొద్దున లేస్తూనే "చిన్నోడు ఏమన్నా కబురు పంపినాడా" అంటుంది.

నా పుస్తకం నడుస్తోంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇరాక్ దేశం మౌసిల్ పట్నంలో ఖాజీగా ఉన్న ఇమామ్ జర్రాహ్ ధర్మశాస్త్రం. హైదరాబాదులో పాత పుస్తకాల షాపులో దొరికింది. దాన్ని తెలుగు చేస్తున్నాను, జైనాబీ శుభ్రప్రతి రాస్తోంది. మన దూదేకులవాళ్ళకి ఉర్దూ రాదని ఇక్కడి సాయిబులు నవ్వుతుంటారు. అరబ్బీ నుంచి తెలుగుకి నేరుగా దారి ఉండగా మధ్యలో ఉర్దూ బ్రోకరు నాకెందుకు? ఇమామ్ అద్దకం పనివాడి కొడుకు. ఖాజీ గద్దె ఎక్కిన రోజు గోళ్ళకి నీలిరంగు ఇంకా వదల్లేదట. పెద్దలు ముక్కు మీద వేలేసుకుంటే, "రంగు గోళ్ళకే ఉంది, తీర్పుకి లేదు" అన్నాడట. ఆ మాట చదివినప్పుడే ఆయన నాకు చుట్టమైపోయాడు.

జవాబు త్వరగా రాయి. మీ అమ్మ అన్నం సరిగా తినడం లేదు.

మీ మామ,
కాశింసాహెబ్

షార్జా,
2010 సెప్టెంబర్ 14.

మామకి మౌలాలి సలాం.

ఆలస్యానికి ఏమనుకోవద్దు. ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీ ఎండాకాలంలో పొయ్యే. డెంటింగూ పెయింటింగూ రెండూ నా మీదే. రంజాన్ పండక్కి మా ముదీర్, అదే మేనేజరు, ఒక్కరోజు సెలవిచ్చాడు, రెండో రోజు యల్లా అంటూ ఫోన్ చేశాడు. మీ ఇమామ్ గోళ్ళ సంగతి చదివి నా గోళ్ళు చూసుకున్నాను. నావి ఏ రంగో నాకే తెలీదు.

అన్న సంగతి. కర్నూలు వాడొకడు మా గ్యారేజీకి బండి తెచ్చాడు. ఇక్కడి రోలా బజారులో అన్నని చూశానన్నాడు. సన్నబడ్డాడట, గడ్డం పెంచాడట, మనిషి మాత్రం బాగున్నాడట. పిలిస్తే జనంలో కలిసిపోయాడట. కాగితాలు లేనివాళ్ళని ఇక్కడ ఖల్లివల్లి అంటారు. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు వెనక్కి తిరిగి చూడరు, పోలీసులని భయం. అందుకే ఫోన్ కూడా చేయడం లేదేమో.

ఈ ముక్క అమ్మకి గట్టిగా చదివి వినిపించు. రెండుసార్లు వినిపించు. తిండి మానేయొద్దని చెప్పు.

వదినకి సలాం.

మౌలాలి

కంభం,
2011 నవంబర్ 20.

అల్లుడికి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, మీ అమ్మ ఏడాదిగా చదివిస్తూనే ఉంది. "గడ్డం పెంచినాడంటే నమాజు చేస్తాండాడు నా కొడుకు" అని ఊరంతా చెప్పింది. బాగానే తింటోంది. నీ పుణ్యమే.

నీతో ఒక పని పడింది. నా పుస్తకంలో ఒక అధ్యాయం సగంలో తెగిపోయింది. బైండింగు చేసిన మహానుభావుడు ఆ నాలుగు కాగితాలు వదిలేసి, వాటి చోట గొర్రెల బేరాల అధ్యాయాన్ని రెండుసార్లు కుట్టాడు. "నాలుగేళ్ళు, కబురు ఆగిన నాటి నుంచి" అన్న దగ్గర వాక్యం ఆగింది. ఆ తర్వాత ఏ కబురు కబురో, ఏది కాదో ఇమామ్ వివరించి ఉంటాడు. అది లేక నా పని ముందుకి సాగడం లేదు. మీ షార్జాలో పెద్ద పెద్ద లైబ్రరీలు ఉన్నాయట. పుస్తకం పేరూ అధ్యాయమూ అరబ్బీలో చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. చూపిస్తే చాలు, వాళ్ళే తీసి ఇస్తారు. జిరాక్స్ తీయించి పంపు.

ఇక్కడి ముఫ్తీ గారిని అడిగాను. వాళ్ళ పద్ధతి వేరు. కబురు లేని మనిషి ఈడువాళ్ళందరూ పోయేదాకా ఆగాలన్నాడు. ఆయన పుస్తకంలో అలాగే ఉంది కాబోలు. ఇంతకంటే రాయను, మీ అమ్మ పక్కనే కూర్చుని ఆకు వేసుకుంటోంది. ఇది పుస్తకం కోసమే కాదు అని మాత్రం తెలుసుకో.

మా ఇమామ్ ఈ అధ్యాయం జైల్లో కూర్చుని రాశాడు. ఒక వర్తకుడు సముద్రం మీద పోయి తిరిగి రాలేదు. అతని ఆస్తి మీద అమీరు కన్ను పడింది. చచ్చాడని తీర్పు రాయమన్నాడు. చచ్చాడనడానికి సాక్ష్యం ఏదని ఇమామ్ అడిగాడు. అందుకు రెండేళ్ళు లోపల వేశారు. బతికున్నవాణ్ణి చంపనూ చంపడు, చచ్చినవాణ్ణి బతికించనూ బతికించడు, అలాంటి మనిషి.

కాగితాలు మరచిపోకు.

మామ

షార్జా,
2013 ఫిబ్రవరి 9.

మామకి సలాం.

కాగితాలు మరచిపోలేదు. లైబ్రరీ శుక్రవారం సాయంత్రం కాసేపే తెరుస్తారట, మాకు శుక్రవారమే బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా వండుకోవాలి. ఎనిమిది వందల ఏళ్ళు ఆగిన పుస్తకం ఇంకో నాలుగు నెలలు ఆగదా మామా? కోప్పడకు. వెళ్తాను.

ఇక్కడ ఆమ్ మాఫీ ఇచ్చారు. కాగితాలు లేనివాళ్ళు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చు. రెండు నెలలు. పని అయ్యాక రోజూ ఆ లైన్ దగ్గర నిలబడ్డాను. మనవాళ్ళు ఎంతమందో. కరీంనగర్ వాళ్ళు, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు. ఏసుబాబు అని అమలాపురం అతను పదకొండేళ్ళ తర్వాత ఇంటికి పోతూ నా చేయి పట్టుకుని ఏడ్చాడు. ఎవరని అడిగితే, ఎవరో తెలీదుగానీ తెలుగు మాట్లాడావు కదా అన్నాడు.

అన్న రాలేదు. అయితే అనంతపురం వాడొకడు చెప్పాడు, అన్న రస్ అల్ ఖైమా అవతల ఖర్జూరం తోటలో పని చేస్తున్నాడట. అర్బాబు, అంటే తోట యజమాని, మంచివాడట. జైల్లో వేస్తారేమోనని భయపడి మాఫీకి రాలేదట. ఒంట్లో బాగుందట. అమ్మకి చదివి వినిపించు.

మౌలాలి

కంభం,
2014 ఏప్రిల్ 27.

చిరంజీవి మౌలాలికి.

ఇది నీకొక్కడికే. మీ అమ్మకి వేరే కాగితం మీద రాసి వినిపించాను.

మెడికల్ షాపు సనావుల్లా నీకు తెలుసు. భార్య కాన్పులో పోయింది, చిన్న కూతురు ఉంది. అతను వచ్చి, తలెత్తకుండా, జైనాబీని అడిగాడు. తొందరేం లేదన్నాడు. ధర్మం ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడే అన్నాడు. ఆ పిల్ల ఇప్పటికే మా ఇంట్లోనే తిరుగుతుంటుంది. జైనాబీ దాని తల దువ్వుతుంటే నేను అటు చూడలేక పుస్తకంలో తల పెట్టుకుంటాను.

ఆదిశేషు లాయరు గారిని కలిశాను. మొగుడి కబురు నాలుగేళ్ళు తెలియకపోతే కోర్టు విడుదల ఇస్తుందట. దానికి చట్టమే ఉందట. మా ఇమామ్ చెప్పిన నాలుగేళ్ళే అది. కానీ కబురు లేదని నేను కోర్టులో ప్రమాణం చేయాలి. ఎలా చేయను? నీ ఉత్తరాలు నా పెట్టెలో ఉన్నాయి. రోలా కబురు నుంచి లెక్కేసినా ఈ సెప్టెంబరుకి నాలుగేళ్ళు నిండేవి. మధ్యలో ఖర్జూరం తోట కబురు వచ్చింది. లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది.

నా కూతురికి ముప్పై. నేను పైన ఒకరికి జవాబు చెప్పుకోవలసినవాణ్ణి, అబద్ధపు ప్రమాణం చేయలేను. వాడు బతికుంటే సంతోషం, నా చెల్లెలి కొడుకు. బతికున్న మనిషి పెళ్ళానికి ఒక ఫోన్ చేయడా అని అడుగుతున్నాను, అంతే. ఆ తోటకి నువ్వే వెళ్ళి కనుక్కో. వాడితో మాట్లాడు. వస్తాడా, రాడా, వదిలేస్తాడా, ఏదో ఒకటి చెప్పమను.

ఆ కాగితాలు కూడా.

మామ

షార్జా,
2014 జూలై 3.

మామా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అన్న బతికుండగానే వాడి ఇంట్లో సంబంధాలు మాట్లాడుకుంటున్నారా? వాడు ఎవరి కోసం వచ్చాడు ఇక్కడికి? సనావుల్లా మంచివాడే, కాదనను. మంచివాళ్ళకి ఊళ్ళో వేరే ఆడపిల్లలే లేరా?

అన్న నాతో ఫోన్‌లో మాట్లాడాడు. పోయిన శుక్రవారం. నిజం. గొంతు బొంగురుగా ఉంది. తోట మారాడట. అమ్మ ఎట్లా ఉందని అడిగాడు. వదినని జాగ్రత్తగా చూసుకోమన్నాడు. కాగితాలు చేయించుకుని వస్తానన్నాడు, కొంచెం టైమ్ పడుతుందన్నాడు. ఎవరిదో ఫోన్, మళ్ళీ చేస్తే కలవలేదు.

ఇది అమ్మకీ వదినకీ ఇద్దరికీ చదివి వినిపించు. ఖలాస్. ఇంక ఈ మాట ఎత్తకండి.

మౌలాలి

కంభం,
2015 అక్టోబర్ 11.

అల్లుడికి.

నీ ఫోన్ కబురు అందరికీ వినిపించాను. మీ అమ్మ ఫాతెహా చేయించి ఊరికి బెల్లం పంచింది. నాక్కూడా గుండె మీంచి బరువు దిగినట్టయింది, దాచుకోను. చదవడం అయ్యేదాకా జైనాబీ గుమ్మం దగ్గర నిలబడి విని, లోపలికి పోయింది. ఆ రోజు నుంచి శుభ్రప్రతి రాయడం మానేసింది. చెయ్యి నొప్పి అంటుంది. నేను రాసుకుంటున్నాను, నా అక్షరం నాకే అర్థం కావడం లేదు.

సనావుల్లాకి ఉన్న మాట చెప్పాను. మనిషి బతికే ఉన్నాడు, మాట్లాడాడు అన్నాను. అతను ఏడాది ఆగి పోయిన నెల గిద్దలూరు సంబంధం చేసుకున్నాడు. కూతురు ఇంకా ఒకటి రెండుసార్లు మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

మీ అన్న మళ్ళీ ఫోన్ చేశాడా?

మామ

షార్జా,
2017 జనవరి 22.

మామకి సలాం.

ఇన్నాళ్ళకి నీ కాగితాలు దొరికాయి. లైబ్రరీ పక్క వీధిలో ఒక బండి అప్పగించే పని పడింది. ఆ చీటీ పర్సులోనే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. అక్కడ మలయాళీ అతను చూసి, లోపలికి పోయి, పెద్ద పుస్తకం తెచ్చి జిరాక్స్ తీసి ఇచ్చాడు. "బహుత్ ముష్కిల్ కితాబ్" అన్నాడు. మా మామకి కష్టం కాదన్నాను.

ఆలస్యం చేశానని తిట్టుకో. నీ ఆఖరు ఉత్తరానికి నేను జవాబు రాయలేదు, ఏడాది పైనుంచి నువ్వూ రాయడం లేదు. కోపమా? ఇవి చూస్తే పోతుందనుకుంటున్నాను. కంభం పోతున్న ఒకతని చేత పంపుతున్నాను. అన్న బాగానే ఉండి ఉంటాడు, అమ్మకి చెప్పు.

మౌలాలి

కంభం,
2017 ఫిబ్రవరి 19.

మౌలాలికి.

కాగితాలు అందాయి. చదివాను. తెలుగు చేశాను. నా బతుకులో చేసిన పనుల్లో అదే ఆఖరుది అనుకుంటున్నాను.

ఇమామ్ ఒక సంగతి రాశాడు. ఒకడు కనిపించకుండా పోతే అతని తల్లి ఖాజీ దగ్గరికి వచ్చి, నా కొడుకు ఫలానా ఊళ్ళో ఉన్నాడట, కోడలికి విడుదల ఇవ్వొద్దు అంది. తమ్ముడు కూడా అవునన్నాడు. ఇమామ్ లేచి నిలబడి, "అమ్మా, నీ కన్నీటికి తల వంచుతాను. నీ మాటని సాక్ష్యంగా రాయలేను" అన్నాడు. ఆ మనిషి బతికి ఉంటే ఎవరికి ఊరటో, వాళ్ళు తెచ్చిన కబురు కబురు కాదు. సంబంధం లేనివాళ్ళు ఇద్దరు, తమ కళ్ళతో చూసినవాళ్ళు, పేరూ ఊరూ చెప్పి నిలబడాలి. అలా నిలబడకపోతే లెక్క ఆగదు. అదీ ఆ వాక్యం మిగతా సగం.

కర్నూలు వాడి పేరేమిటి? అనంతపురం వాడి పేరేమిటి? అమలాపురం ఏసుబాబు పేరు రాశావు, అతను నీకు ఏమీ కాడు. మీ అన్నని చూసిన ఒక్కడి పేరూ రాయలేదు. ఇన్నేళ్ళు నాకది తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో. నీ ఉత్తరం చదివిన ప్రతిసారీ మీ అమ్మ ముఖం చూసి నేనూ ఊరట పడ్డాను.

అడుగుతున్నాను, చెప్పు. మీ అన్నని నిజంగా, కళ్ళతో, ఆఖరిసారి ఎవరు చూశారు? ఎప్పుడు? మీ అమ్మకి చదవను. ప్రమాణం.

కాశింసాహెబ్

షార్జా,
2017 మార్చి 16.

మామా,

నేనే. 2010 ఫిబ్రవరిలో, రోలా బస్టాండు దగ్గర. నా స్వెటర్ వేసుకున్నాడు. ఉమ్ అల్ క్వైన్ వైపు పని ఉందని ఎవరో పఠాన్ పికప్ వెనక ఎక్కాడు. చలి కదా, లోపల కూర్చో అన్నాను. లోపల చోటు లేదన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆసుపత్రులు తిరిగాను. మార్చురీలు చూశాను, బాడీల ఫోటోలు చూపించమని బతిమాలి చూశాను. ఏ ఫోటోలోనూ లేడు. కాగితాలు లేని మనిషి కోసం పోలీసుల దగ్గరికి పోవడానికి మొదట్లో భయపడ్డాను. తర్వాత పోతే, ఇన్నాళ్ళు ఎక్కడున్నావన్నారు. మాఫీ లైన్లో నిలబడింది నిజం. రాలేదు, అదీ నిజం.

అమ్మ తినడం లేదని రాశావు మామా. ఒక్క పండగ వరకూ అనుకుని రాశాను. తర్వాత నువ్వు ఊరంతా సంతోషమని రాశావు. సనావుల్లా మాట రాసినప్పుడు, అన్న పేరు కూడా తుడిచేస్తున్నారనిపించింది. ఆ ఫోన్ సంగతి రాసిన రోజు, ఒట్టు, వాడి గొంతు నా చెవిలో వినపడుతూనే ఉంది. నేను రాస్తే వాడు ఉన్నట్టు ఉండేది. రాయకపోతే నాకు అన్న లేడు.

ఆ కాగితాలు ఐదేళ్ళు నా పర్సులో చీటీగా ఉన్నాయి. ఏమిటో మొదట్లోనే చెప్పి ఉంటే ఆ శుక్రవారమే పోయేవాణ్ణి మామా. ఎందుకు చెప్పలేదు?

మౌలాలి

కంభం,
2019 జనవరి 30.

మౌలాలికి.

నీ ప్రశ్నకి రెండేళ్ళుగా జవాబు వెతుకుతున్నాను. తమ్ముణ్ణి పట్టుకుని, మీ అన్న చచ్చాడని తేల్చు, నా కూతురికి పెళ్ళి చేయాలి అని రాయడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. మర్యాద అనుకున్నాను. అంతే, అంతకంటే ఏమీ లేదు.

కోర్టు తీర్పు వచ్చింది. జైనాబీ నేను చూపించిన చోట సంతకం పెట్టింది, ప్రమాణం నేను చేశాను. ఇంటికి వచ్చి జైనాబీకి చెప్పాను. కబురు ఆగింది 2010లోనేనమ్మా, 2014కే నీకు విడుదల ఉంది, మాకు తెలియలేదు అన్నాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"నాయనా, నువ్వు ఆ కాయితాల కోసం అయిదేళ్ళు కూచ్చున్నావు. నన్ను ఒక్క మాట అడగలా. మొదటి రంజానుకు ఫోన్ రాలేదే, ఆ రోజే నాకు తెలుసు ఆయన లేడని. ఆయన పండగనాడు నాకు ఫోన్ చేయకుండా వుండే మనిసి గాదు" అంది.

ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"ఆడ మీ చెల్లెలు బెల్లం పంచుతా వుంటే నేను యేడ చెప్పేది? చెబితే నువ్వు యే పుస్తకంలో రాసుకుంటావు?"

ఇప్పుడేం చేద్దామని అడిగాను. ఇంకెవరినైనా చూడమంటావా అని కూడా అడిగాను, సిగ్గు లేకుండా. వద్దంది. ఆయనకి పెళ్ళాంగా చేయాల్సిన పని ఒకటి మిగిలింది, అది చేస్తానంది. నల్లపూసలు తీసేసి, గాజులు తీసేసి, మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడిపినట్టు లోపలి గదిలో ఇద్దత్‌కి కూర్చుంది. తొమ్మిదేళ్ళకి మీ అన్న కోసం ఒక మనిషి ఏడ్చింది. గోడ అవతల నుంచి విన్నాను.

మీ అమ్మ చూసింది. ఎవరు పోయారని అడిగింది. నేను ఇచ్చిన మాట తప్పి అంతా చెప్పాను, నీ ఉత్తరం కూడా చదివాను. విని నవ్వింది. ఆ ఉత్తరం నా పన్నాగమంది. కోర్టు కోసం, కూతురి కోసం, నేనే నీ చేత అలా రాయించానంది. బతికున్న మొగుడికి ఇద్దత్ కూర్చున్నదాని చేతి నీళ్ళు తాగనని వసారాలో వేరే పొయ్యి పెట్టుకుంది. నాతో మాట్లాడదు. జైనాబీ గది వైపు చూడదు. నువ్వు వచ్చి ఎదురుగా నిలబడి చెప్పినా నమ్మదు. నీ పాత ఉత్తరాలే నమ్ముతుంది.

ఈ రోజు మాత్రం నన్ను పిలిచి, చిన్నోడికి నేను చెప్పింది చెప్పినట్టు రాయి అంది. ఇమామ్ జర్రాహ్ మీద ఒట్టు పెట్టించుకుంది. రాస్తున్నాను:

"ఒరే చిన్నోడా, అన్న మళ్ళా ఫోన్ చేస్తే ఈడికి రావొద్దని చెప్పు. ఈ ఇంట్లో వాడిని సంపేసినారు. పెళ్ళాం సంపింది, మామ సంపినాడు. వాడు బతికే వుండాడని తెలిసినోళ్ళం ఇంక నువ్వూ నేనే. నువ్వు మాత్రం వాడి కబురు రాయడం మానబాక."

కాశింసాహెబ్